వాస్కోలో మా చెల్లి బర్రె

పత్తిచెక్క బస్తా వెంటేసుకుని గోవా వెళ్ళిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. మిగతా జనం అక్కడికి పూల చొక్కాలు వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వెళ్తారని విన్నాను. నేను మాత్రం నరసరావుపేట స్టేషన్లో భుజాన సంచి, కాళ్ళ దగ్గర బస్తా పెట్టుకుని రైలు కోసం చూస్తూ నిలబడ్డాను.

నేను బస్సు కండక్టర్ని. ఇరవయ్యేళ్ళకు పైగా మాచర్ల నుంచి గుంటూరుకూ, గుంటూరు నుంచి మాచర్లకూ తిరుగుతూనే ఉన్నాను. అంత తిరిగినా ఎక్కడికీ వెళ్ళినవాణ్ణి కాను. ఈసారి కూడా సరదాకి బయలుదేరలేదు, మా అమ్మ పంపితే బయలుదేరాను.

సంగతి ఇదీ. మా చెల్లెలు తిరపతమ్మను బెల్లంకొండలో ఇచ్చాం. ఆమె భర్త కోటయ్య క్వారీలో టిప్పర్ నడిపేవాడు. క్వారీ మూతపడ్డాక కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, ఎవరో చెబితే గోవాలోని వాస్కో వెళ్ళి ఓడరేవులో ట్రైలర్ నడిపే పనిలో కుదిరాడు. కూతురికి పెళ్ళి చేసి పంపాక చెల్లీ అక్కడికే వెళ్ళిపోయింది. అయితే దానికి ఊరికే కూర్చోవడం చేతకాదు. మొగుణ్ణి పోరి పోరి, హుబ్లీ వైపు సంతలో ఒక చూడి బర్రెను కొనిపించి, ఖాళీగా వచ్చే లారీలో ఎక్కించి తెచ్చుకుంది. ఇప్పుడా బర్రెకు ఈనే రోజులు దగ్గరపడ్డాయి. సరిగ్గా ఇప్పుడే ఇంటి ఓనరమ్మ నెలాఖరుకల్లా దాన్ని తీసెయ్యమంది.

"బర్రె పోతే నేనూ వచ్చేస్తానమ్మా. ఈ గోడల్ని చూసుకుంటా ఎన్నాళ్ళు కూర్చునేది?" అని చెల్లి ఫోన్లో ఏడ్చింది. మా అమ్మకు ఆ మాటల్లో 'వచ్చేస్తాను' అన్న ఒక్క ముక్కే వినపడింది.

"పొయ్యి దాన్ని తీసుకురారా. కోటయ్య వండుకు తినలేడా ఏంది? దిక్కులేనిదై అంత దూరాన ఎందుకుండాల?" అంది.

కోటయ్య తిరిగి వస్తే ఇక్కడ పని లేదు. చెల్లి ఒక్కతే వస్తే ఒక సంసారం రెండు పొయ్యిలవుతుంది. అది తెలిసీ నేను సరేనన్నాను, ఎందుకంటే మా అమ్మతో వాదించి గెలిచినవాడు మా ఊళ్ళో ఇంతవరకూ లేడు. వస్తున్నానని ఫోన్ చేస్తే చెల్లి అంది: "నాకేం తేవొద్దు అన్నయ్యా. ఈడ మంచి పత్తిచెక్క దొరకదు. ఒక బస్తా పట్టుకురా." పుట్టింటికి వచ్చేసే మనిషికి పత్తిచెక్క ఎందుకన్న అనుమానం నాకు రైలెక్కాక గానీ రాలేదు.

రైల్లో బస్తా

టికెట్లు చూసే ఆయన వచ్చి బస్తాను బూటుతో మెల్లిగా తట్టి, ఇదేమిటన్నాడు.

"పశువుల మేతండి."

"పశువేదీ?"

"వాస్కోలో ఉందండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మా బస్సులో మిరపకాయల టిక్కీ బస్తాలతో ఎక్కే రైతుల్ని నేనూ అలాగే చూస్తాను. నేను కండక్టర్నని చెప్పాక ఆయన మెత్తబడి, బస్తాను సీటు కిందకి తోయమని చెప్పి వెళ్ళిపోయాడు. ఒక చిల్లర కష్టజీవికి ఇంకో చిల్లర కష్టజీవి చేసిన సాయం అది.

వినుకొండ, మార్కాపురం, నంద్యాల నిద్రలోనే దాటిపోయాయి. బళ్ళారిలో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదుట కూర్చుంది. అక్కడివాళ్ళకు కన్నడమూ తెలుగూ రెండూ సొంత భాషలే. గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు విప్పి, వెల్లుల్లి కారం వేసి నాకొకటి ఇచ్చింది. నేను గోంగూర పచ్చడి సీసా తీశాను. దాని మూత సరిగ్గా బిగించలేదని అప్పుడే తెలిసింది. నూనె కారి, నా సంచీ, కొత్త చొక్కా రెండూ ఎర్రబడ్డాయి. ఆవిడ నవ్వుకుంటూనే పచ్చడి రెండుసార్లు వేయించుకుంది.

బస్తా కథ విని ఆవిడ ముఖం గంభీరంగా పెట్టింది. "చూడి గొడ్డుకు చెక్క దండిగా పెట్టొద్దు నాయనా. లోపల దూడ బలిసిపోతే ఈనేటప్పుడు ఇద్దరికీ కష్టం" అంది. బర్రె విషయంలో సలహా చెప్పని ఆడమనిషిని నేను ఏ రాష్ట్రంలోనూ చూడలేదు.

కొండ దిగుతూ

హుబ్లీ దాటాక నేల రంగే మారిపోయింది. మాకు మెట్టపొలాలూ, సుద్దరాయీ, తుమ్మచెట్లూ అలవాటు. ఇక్కడ కొండ మీద కూడా చెట్టే, లోయలో కూడా చెట్టే. ఇంత పచ్చదనం పెట్టుకుని ఈ ఊళ్ళవాళ్ళు కూలికి ఎక్కడికి పోతారో అనుకున్నాను. రైలు సొరంగంలోకి దూరినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు. నాకూ పెట్టాలనిపించింది.

దారిలో ఒక పెద్ద జలపాతం వస్తుందనీ, పాలధారలా దూకుతుందనీ అందరూ కిటికీల దగ్గరకు చేరారు. ఎండలు ముదిరే రోజులు కావడంతో అది వట్టిపోయిన బర్రె పొదుగులా ఉంది. రాయి మీద సన్నగా నాలుగు ధారలు. వాటినే అందరూ ఫోన్లలో తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను.

వాస్కో

స్టేషన్ బయట అడుగుపెట్టగానే ఎండ మీద పడింది. అయితే అది మా ఎండ కాదు. పల్నాట్లో ఎండ ఒంట్లో నీళ్ళు పీల్చేసి వదిలేస్తుంది. ఇక్కడ చెమట పుడుతుంది, ఆరదు. కోటయ్య వచ్చి బస్తా భుజానికెత్తుకున్నాడు. మనిషి నల్లబడ్డాడు, కాస్త ఒళ్ళు చేశాడు.

"చేపలు బావా. చేపలు తిని ఇట్టా అయినా" అన్నాడు నవ్వుతూ.

ఊరు చక్కగా ఉంది. ఏ వీధి చివర చూసినా సముద్రమో, ఓడ కొసో కనిపిస్తుంది. పెంకుటిళ్ళకు పసుపు, నీలం రంగులు. ఒక ఇంటి ముందు శిలువకు పూలదండ, పక్కింటి ముందు తులసికోటకు పూలదండ. రెండిటికీ అదే పూలామె దండలు ఇచ్చి పోతుందని తర్వాత తెలిసింది.

పొద్దున్నే మనల్ని కోడి లేపదు, సైకిల్ హారన్ లేపుతుంది. అది రొట్టెలవాడిది. వెదురుబుట్టలో వేడి పావ్ రొట్టెలు, ఒక్కోటి అయిదు రూపాయలు. మా ఊళ్ళో ఆ వేళకు పాలచెంబులతో తిరిగినట్టు ఇక్కడ రొట్టెల సంచులతో తిరుగుతారు. ఇక మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఊరు ఊరంతా నిద్ర. కొట్లు మూసేస్తారు. నేను గెడ్డం గీసుకునే బ్లేడు కోసం వెళ్ళి, మూసిన షట్టర్ల ముందు ఎండలో ఒంటరిగా తిరిగి వచ్చాను. గుంటూరులో ఏ వ్యాపారైనా ఇలా తలుపేసుకుని పడుకుంటే, లేచేసరికి పక్కవాడు ఆ బేరాలన్నీ ఎగరేసుకుపోతాడు.

చెల్లి ఇల్లు చేపలవాళ్ళ పేట పక్కనే, కొంచెం మెరక మీద. ముందు ఓనరమ్మ ఇల్లు, వెనక రెండు గదులు వీళ్ళవి. పెరట్లో కొబ్బరిచెట్లు, వాటి కింద రేకుల నీడలో బర్రె. పేరు మల్లి. నిగనిగలాడే నలుపు, మెలిక కొమ్ములు, నిండు కడుపు. చెల్లి నన్ను సరిగ్గా పలకరించకముందే బస్తా విప్పి, గుప్పెడు చెక్క తీసి వాసన చూసింది.

"గుంటూరు మిల్లుదేనా?"

"నన్ను మంచినీళ్ళు తాగనియ్యవే ముందు" అన్నాను.

ఫిలోమినా ఆంటీ

మర్నాడు సాయంత్రం ఓనరమ్మ దగ్గరకు రాయబారం వెళ్ళాను. పేరు ఫిలోమినా. డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్ళు దాటే పూలగౌను, మెడలో శిలువ. గోడ మీద తెల్ల యూనిఫాంలో ఆమె భర్త ఫోటో ఉంది. ఓడల మీద పనిచేసేవాడట. ఒకసారి వెళ్ళి మళ్ళీ రాలేదనీ, సముద్రం మీదే పోయాడనీ కోటయ్య ముందే చెప్పాడు.

ఆమెది ఒక రకం హిందీ, నాది ఇంకో రకం హిందీ. ఇద్దరికీ పూర్తిగా రాదు గనుక ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. టీ ఇచ్చి, కొబ్బరి బిళ్ళలు పెట్టి, అప్పుడు మొదలుపెట్టింది.

"నీ చెల్లెలు మంచిది. నా ఒళ్ళు బాగాలేనప్పుడు గంజి కాచి ఇచ్చింది. అది వేరే సంగతి. నల్లా రోజు మార్చి రోజు వస్తుంది. మనుషులకే చాలదు. ఆ జంతువు ఒక కుటుంబం తాగే నీళ్ళు తాగుతుంది. ఈగలు నా పళ్ళెం దాకా వస్తున్నాయి. పక్కింటివాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. పోనీ పాలిస్తుందా? వచ్చిన దగ్గర్నుంచి ఒక్క చుక్క ఇచ్చిందా?"

"ఈనితే ఇస్తుందండి."

"ఎప్పుడు?"

"నేడో రేపో."

"నాలుగు నెలల నుంచి ఇదే మాట వింటున్నాను బాబూ."

బస్సులో సీట్ల తగాదాలు ఎన్ని తీర్చానో లెక్కలేదు. ఇక్కడ మాత్రం తీర్చడానికేమీ లేదు, ఎందుకంటే ఆమె చెప్పిన దాంట్లో తప్పే లేదు. ఇంకో కొబ్బరి బిళ్ళ తిని లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం కోటయ్య నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళాడు. దూరంగా ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. చాలాసేపు ఊరి కబుర్లు అడిగి అడిగి, చివరికి అసలు మాటకు వచ్చాడు.

"తీసుకుపోవాలంటే తీసుకుపో బావా. అత్తమ్మ మాట నేను కాదనను. కాకపోతే అది పోతే నేను ఈడ నిలవలేను. ఆడికొస్తే పని లేదు. మల్లి వచ్చినకాణ్ణుంచే అది మళ్ళీ నవ్వుతా ఉంది. ముందైతే నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి దీపం కూడా ఎయ్యకుండా కూర్చునేది."

మా చెల్లి దీపం వెయ్యకుండా కూర్చోవడం నా ఊహకు అందలేదు. అది మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని నోటికి భయపడి మేమే బయట కూర్చునేవాళ్ళం.

చేపల రేవు

మరుసటి రోజు చెల్లి నన్ను చేపలకు తీసుకెళ్ళింది. రేవులో ఆడవాళ్ళదే రాజ్యం. కొప్పులో పూలు, చేతికి గాజులు, ముందు బంగడాల కుప్పలు. బంగడాలంటే మన కానాగంతలు. బేరం మాత్రం మన సంతలోలాగే సాగింది. చేపలామె వంద అంటే మా చెల్లి నలభై అంది. ఆమె గంప మూసేసుకుంది. ఈమె నాలుగడుగులు వేసి ఆగింది. ఆమె పిలిచింది.

"ఈళ్ళ భాష వచ్చా నీకు?" అన్నాను.

"తిట్లు వచ్చు. బేరానికి అవి చాలు" అంది.

ఆ పూట బంగడాల పులుసులో చింతపండు బదులు ఏదో ఎండబెట్టిన నల్లటి పండు తొక్క వేసింది. పులుపు వేరు, రంగు వేరు. లావుపాటి ఎర్ర బియ్యం అన్నం. నాకు మొదటి ముద్ద దిగలేదు, తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నాను. మా అమ్మ చూస్తే పిల్ల కూర వండటం మరిచిపోయిందని బెంగపెట్టుకునేది.

తింటుండగా మల్లి రొప్పడం వినిపించింది. బర్రెకు నీళ్ళు పడాలి. దాని ఒంటికి చెమట పట్టదు, నీళ్ళలో మునిగితేనే వేడి దిగుతుంది. ఇన్నాళ్ళూ చెల్లి దాన్ని కొండ మీద ఒక మడుగుకు తోలుకెళ్ళేదట. ఎండలకు అది బురదై, బురద ఎండి నెర్రెలిచ్చింది. నల్లా నీళ్ళు ముట్టుకుంటే ఆంటీ కిటికీలోంచి చూస్తుంది.

"ఎదురుగా ఇంత సముద్రం పెట్టుకుని నీళ్ళ కోసం ఏడుస్తారేందే?" అన్నాను.

"నేనూ అదే అనుకుంటన్నా అన్నయ్యా. ఉప్పునీళ్ళైతే ఏంది, పైన రెండు బిందెలు మంచినీళ్ళు పోస్తే సరి" అంది చెల్లి.

సాగర్ కాలువ గట్టున పెరిగినవాళ్ళం. నీళ్ళంటే ఏమిటో మాకు తెలుసనుకున్నాం.

అవతలి గట్టు లేని నీళ్ళు

పొద్దున్నే, జనం పల్చగా ఉన్నప్పుడు, మల్లిని ఒడ్డుకు తోలుకెళ్ళాం. కోటయ్య డ్యూటీకి వెళ్ళాడు. అలలు చిన్నగా ఉన్నాయి. మల్లి కాసేపు ఇసక వాసన చూసి, అలను చూసి బెదిరి, తర్వాత నీళ్ళు పొట్టకు తగలగానే ఎంత సుఖంగా కళ్ళు మూసిందంటే, చూసిన నాకూ చల్లగా అనిపించింది. చెల్లి పలుపు విప్పింది. కాలువ దగ్గర మేం ఎప్పుడూ పలుపు విప్పే వదులుతాం. బర్రె కాలువలో దిగి, ఈదుకుంటూ అవతలి గట్టెక్కి, కాస్త గడ్డి కొరికి, పిలిస్తే ఈదుకుంటూ తిరిగి వస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి మేం చూసిన బర్రెలన్నీ అలాగే చేశాయి.

మల్లీ అలాగే చేసింది. నీళ్ళు లోతైనకొద్దీ తల పైకెత్తి ఈదడం మొదలుపెట్టింది. అవతలి గట్టు కోసం వెళ్తోంది. ఆ సంగతి ముందు చెల్లికే తట్టింది.

"అన్నయ్యా, దానికి గట్టెక్కడ్నుంచి వచ్చిద్ది?"

పిలిచాం. కాలువ మీద వినపడే కేక అలల హోరులో పది గజాలు కూడా పోదు. నీళ్ళు లోపలికి లాగే వేళట, అదీ మాకు తెలియదు. చూస్తుండగానే మల్లి రెండు కొమ్ములూ, ఒక ముక్కూ అయింది. చెల్లి చీర ఎగదోపుకుని నీళ్ళలోకి పరుగెత్తింది. నడుం లోతు, ఛాతీ లోతు. "మల్లీ! దాదా! దా!" అని గొంతు పగిలేలా అరుస్తోంది. నేను వెనకాలే పోయి రెట్ట పట్టుకున్నాను. ఒక అల మా ఇద్దరినీ కింద పడేసింది. ఉప్పునీళ్ళు మింగి దగ్గుతూ కూడా అది నన్ను విడిపించుకోవాలని గింజుకుంది. నాకు ఈత వచ్చు గానీ ఆ నీళ్ళలో కాదు. నా జన్మలో నేను అంత భయపడలేదు.

వేట నుంచి తిరిగి వస్తున్న ఒక మోటారు పడవ ఆ కొమ్ముల్ని చూసింది. పడవ మనిషి పేరు కైతాన్ అని తర్వాత తెలిసింది. అతను చుట్టూ తిప్పి, కొమ్ములకు తాడు వేసి, మోటారును మెల్లిగా నడిపిస్తూ మల్లిని ఒడ్డుకు తెచ్చాడు. ఇసక తగలగానే అది వణుకుతూ నిలబడింది. చెల్లి దాని మెడ కౌగిలించుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, అవి ఉప్పునీళ్ళేనని సర్దిచెప్పుకున్నాను.

"ఇన్నేళ్ళ వేటలో నాకింత పెద్దది పడలేదు" అని కైతాన్ మాకూ తెలిసేలా హిందీలో తన పడవవాళ్ళతో అంటే అందరూ విరగబడి నవ్వారు.

సరిగ్గా అప్పుడు ఫిలోమినా ఆంటీ వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు. ఎవరో పైకి పరుగెత్తి, మీ ఇంట్లో ఉండే తెలుగామె సముద్రంలోకి దిగిందని చెప్పారట. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆమె చెల్లి రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"పిచ్చిదానా! ఒక బర్రె కోసం చస్తావా? నేనొక మాట అంటే చచ్చిపోతావా? ఉంచుకో! నీ బర్రెను నువ్వే ఉంచుకో! నా ఇంట్లోంచి ఇంకో మనిషి ఈ నీళ్ళలోకి పోవడానికి వీల్లేదు!"

నాకు విషయం అర్థమైంది. నోరు మూసుకోమని వెనక నుంచి చెల్లి మోచేయి గిల్లాను. అడక్కుండానే వరం దొరికింది. తల వంచుకుని రెండు కన్నీటి చుక్కలు కారిస్తే చాలు.

చెల్లి కళ్ళు తుడుచుకుంది. "లేదాంటీ. నేను చావడానికి దిగలా. మల్లిని కడుగుదామని తెచ్చాం. అదే ఈదుకుంటా పోయింది. దానెంట నేను పోయినా."

ఆంటీ మల్లిని చూసింది, నన్ను చూసింది, ఇసకలో తన ఉత్త పాదాలను చూసుకుంది. అప్పుడు కోపం వచ్చింది.

"కడగడానికా? కడుపుతో ఉన్న పశువును సముద్రంలో కడుగుతారా? ఇద్దరు పెద్దవాళ్ళయి ఉండి! నెలాఖరు అన్నాను. నెలాఖరే!"

అని విసవిసా మెరక ఎక్కి వెళ్ళిపోయింది.

"ఊరుకుంటే ఏం పొయ్యేదే నీకు?" అని పళ్ళు కొరికాను.

"చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది అన్నయ్యా, ఆ వయసులో. ఆమెకు అబద్ధం చెప్పి ఆమింట్లోనే ఎట్టా ఉండేది?" అంది చెల్లి. చెల్లిని ఇంటికి తీసుకెళ్ళాల్సిందేనని ఆ క్షణంలో గట్టిగా అనుకున్నాను.

ఊరు పడుకున్న వేళ

మల్లి ఇంటికొచ్చి మేత ముట్టలేదు. మధ్యాహ్నానికి లేచి నిలబడటం, పడుకోవడం, మళ్ళీ లేవడం మొదలుపెట్టింది. ఉమ్మనీరు పోయింది. ఈదిన అలసటలో అది ఈనగలదా, దూడ బతికి ఉందా అన్నది మా ఇద్దరి భయం. పైకి మాత్రం అనుకోలేదు. పశువుల డాక్టరు కోసం ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఊరంతా పడుకుంది.

దూడ ముందుకాళ్ళు కనిపించాయి, వాటి మీద ముక్కు కనిపించింది. తర్వాత కదలిక లేదు. బళ్ళారి పెద్దావిడ అన్న మాట నాకు గుర్తొచ్చింది. చెల్లి ఒక కాలు, నేనొక కాలు పట్టుకుని, మల్లి ముక్కినప్పుడల్లా లాగాం. జారిపోతోంది. మల్లి ఒక్క అరుపు అరిచింది.

"మధ్యాహ్నం పూట కూడా పడుకోనివ్వరా మీరు?" అంటూ ఆంటీ పెరటి తలుపు తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది. తర్వాత లోపలికి వెళ్ళింది. మొహాన తలుపేసిందనుకున్నాను. పాత దుప్పటి ఒకటి పట్టుకుని తిరిగి వచ్చింది. గౌను మోకాళ్ళ పైకి దోపి, నా పక్కన పేడలో మోకాళ్ళ మీద కూర్చుని, దూడ కాళ్ళకు దుప్పటి అంచు చుట్టింది.

"ఇప్పుడు పట్టు. జారదు. కిందకి లాగు, నీ వైపుకి కాదు" అంది.

ముగ్గురం లాగాం. దూడ ఒక్కసారిగా మా మీదకు వచ్చి పడింది. కదల్లేదు. చెల్లి దాని ముక్కులో జిగురు వేలితో తీసి, గడ్డిపరక పెట్టి కదిలించింది. ఆంటీ దుప్పటితో దాని పక్కటెముకలు బరబరా రుద్దుతూ తన భాషలో ఎవరినో తిట్టిందో, ప్రార్థించిందో తెలియదు. దూడ తుమ్మింది.

"పెయ్యదూడ!" అని చెల్లి అరిచింది. మల్లి వెనక్కి తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

ఆంటీ మెట్టు మీద కూలబడింది. గౌనంతా మరకలు. "మా అమ్మకు రెండు బర్రెలుండేవి. ఇక్కడే, ఈ కొబ్బరిచెట్టు దగ్గరే. పెళ్ళయ్యేదాకా పేడ తియ్యడం నా పనే" అంది. ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదేమని చెల్లి అడిగితే, "పేడ తియ్యడం ఎవరికి గుర్తుంచుకోవాలనిపిస్తుంది?" అంది.

గిన్నెలు

మా వైపు ముర్రుపాలు అమ్మరు. జున్ను వండి చుట్టుపక్కల ఇళ్ళకు పంచాల్సిందే. చెల్లి బెల్లం, మిరియాలు, యాలకులు వేసి వండి, మొదటి గిన్నె ఆంటీకి ఇచ్చింది. రెండోది కైతాన్ ఇంటికి. మూడోది మాటలు మానేసిన పక్కింటివాళ్ళకు. ఆ గిన్నె పట్టుకుని నేనే వెళ్ళాను. ఇంటాయన వాసన చూసి, లోపలికి పిలిచి, నా ముందే సగం తినేశాడు. వాళ్ళ భాషలోనూ దానికొక పేరుందట. నాకు నోరు తిరగలేదు.

మర్నాడు ఆంటీ పెరట్లోకి వచ్చి నడుం మీద చేతులేసుకుని తీర్పు చెప్పింది. నల్లా నీళ్ళు ముట్టకూడదు, కోటయ్య ట్యాంకరు నీళ్ళు తెప్పించుకోవాలి. పేడ పొద్దున్నే తీసి ఆమె కొబ్బరిచెట్ల గోతుల్లో వెయ్యాలి. తనకు రోజూ అరలీటరు పాలు కావాలి.

"ఊరికే ఇస్తానాంటీ" అంది చెల్లి.

"ఊరికే ఎందుకు? నేనేమైనా బిచ్చగత్తెనా?" అని ఆంటీ కసిరింది. "వర్షాలు వచ్చేదాకా చూస్తాను. ఈగలు తగ్గకపోతే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం."

అంతకు మించి ఏ హామీ ఇవ్వలేదు. చెల్లి అదే చాలన్నట్టు తలూపింది. నన్ను చూడలేదు. ఎప్పుడు బయలుదేరదామని నేను అడగాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఉన్న కొద్ది రోజుల్లోనూ అడగలేదు. అది పెయ్యదూడకు పాలు తాపుతూ, పేడ ఎత్తుతూ, ఎవరింటికి ఎంత పాలో వేళ్ళ మీద చెప్పుకుంటూ తిరుగుతుంటే, అడగడానికి అసలు మనిషి చేతికి చిక్కలేదు.

తిరుగు రైలు

నా రైలు పొద్దున పూట. స్టేషన్ దాకా వస్తానని చెల్లి రాత్రి చెప్పింది. తెల్లారేసరికి గేటు దగ్గర జనం ఉన్నారు. కైతాన్ భార్య స్టీలు క్యాను పట్టుకుని నిలబడింది. కన్నడం మాట్లాడే ఇద్దరు ఆడవాళ్ళు సీసాలతో వచ్చారు. రొట్టెలవాడు సైకిల్ గోడకానించి, తనకూ ఒక గ్లాసు పొయ్యమంటున్నాడు. ఆంటీ తన గిన్నె అందరికంటే ముందు పెట్టి, వరస తప్పినవాళ్ళను తిడుతోంది.

చెల్లి మల్లి డొక్కకు నుదురానించి పాలు పితుకుతోంది. సంచి పట్టుకుని దాని వెనక నిలబడ్డాను.

"పోయొస్తానే."

"పొయ్యిరా అన్నయ్యా. ఇప్పుడు లేస్తే ఇది పాలు ఎగదీస్తది. అమ్మను అడిగానని చెప్పు" అంది, తల తిప్పకుండా.

మా ఇళ్ళలో అన్న వెళ్తుంటే చెల్లెలు కనీసం వీధి చివరి దాకా వస్తుంది, మలుపు తిరిగేదాకా నిలబడుతుంది. నాకు గుండె చివుక్కుమంది. ఆటో ఎక్కేసరికి ఆ బాధ పోయి, ఎందుకో తెలియని సంతోషం పట్టుకుంది. కోటయ్య నా ముఖం చూసి ఏంది బావా అన్నాడు. ఏం లేదన్నాను.

రైలు కదిలిన కాసేపటికే మా అమ్మ ఫోన్ చేసింది.

"ఎక్కారా? పిల్ల పక్కనే ఉందా? ఫోనియ్యి."

"అది రావటల్లేదమ్మా."

"ఎందుకు రాదు? కోటయ్య పంపనన్నాడా? ఇంటామె ఏమన్నా అనిందా? చెప్పవేందిరా!"

"ఎవరూ ఏమీ అనలేదు. దానికి తీరిక లేదు."

లైను పోయిందనుకుని ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూసుకున్నాను. పోలేదు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాక మా అమ్మ గొంతు సవరించుకోవడం వినిపించింది.

"పూటకు ఎన్ని పాలిస్తందిరా?" అని అడిగింది.